పుర్రె అడుగున పుట్టే మెనింజియోమా: ఊరి పేరే ఇంటిపేరు

పాఠకుల ప్రశ్నలు, న్యూరోసర్జన్ జవాబులు

మెదడు కణితుల గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలను ఒకచోట పెట్టి చదివితే, వాటిలో చాలా ఉత్తరాలు పుర్రె అడుగుభాగంలో పుట్టే మెనింజియోమాల గురించే ఉన్నాయి. అడిగిన తీరు వేరైనా చాలామందిని వేధిస్తున్న సందేహం ఒకటే: రిపోర్టులో కణితి పేరుకు ముందు వచ్చే ఆ పొడవాటి ఎముకల పేర్లకు అర్థం ఏమిటి? ఈ నెల శీర్షిక మొత్తాన్నీ ఆ విషయానికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అక్కయ్యకు 46 ఏళ్ళు. ఆరు నెలలుగా ఎడమ కన్ను మసకగా ఉందంటే ఎమ్మారై తీయించాం. ‘ఎడమ స్ఫినాయిడ్ రెక్క, లోపలి మూడో భాగం, మెనింజియోమా, 3.2 సెంటీమీటర్లు’ అని రిపోర్టు వచ్చింది. ఇది క్యాన్సర్ లాంటిది కాదు, భయపడకండి అని ఒక డాక్టరు గారు అన్నారు. ఆపరేషన్ మాత్రం చాలా కష్టమైనదని ఇంకొకరు అన్నారు. రెండు మాటలూ ఎలా నిజమవుతాయి డాక్టరు గారూ?
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండు మాటలూ నిజమేనమ్మా. మొదటివారు కణితి స్వభావం గురించి చెప్పారు, రెండోవారు అది కూర్చున్న చోటు గురించి చెప్పారు. మెనింజియోమాను మేము ఈ రెండు కొలతలతోనూ విడివిడిగా తూచి చూస్తాము. ఒక దానిలో తేలిక అయినది రెండో దానిలో చాలా బరువు కావచ్చు.

మెదడును మూడు పొరలు కప్పి ఉంచుతాయి. పుర్రెకు లోపలివైపున తోలులా అతుక్కుని ఉండే గట్టి పొర డ్యూరా. దాని కింద సాలెగూడులా పల్చగా ఉండేది అరాక్నాయిడ్. మెదడు మడతల్లోకి కూడా దిగి అంటిపెట్టుకుని ఉండేది పయా. అరాక్నాయిడ్ పొర అక్కడక్కడ డ్యూరాలోకి చిన్న మొటిమల్లా పొడుచుకుని ఉంటుంది. ఆ మొటిమల మీద టోపీలా ఉండే కణాల నుంచి మెనింజియోమా పుడుతుందని మా అవగాహన. అంటే ఇది మెదడు కణాల్లో పుట్టిన కణితి కాదు, మెదడుకు కప్పిన దుప్పటిలో పుట్టి మెదడును పక్కకు నెట్టే కణితి. అంతకుముందు రకరకాల పేర్లతో పిలిచిన ఈ కణితులన్నింటికీ 1922లో అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ మెనింజియోమా అనే ఒకే పేరు పెట్టాడు. 1938లో లూయీజ్ ఐజెన్‌హార్ట్‌తో కలిసి రాసిన పెద్ద గ్రంథంలో వాటిని ప్రధానంగా పుట్టిన చోటును బట్టి విభజించాడు. ఈనాటికీ రిపోర్టుల్లో కనిపించే పేర్లు చాలావరకు ఆ పద్ధతిలోనివే.

మన ఇంటిపేర్లలో చాలావాటికి పూర్వీకుల ఊరి పేరే మూలం. మెనింజియోమా ఇంటిపేరు కూడా అలాంటిదే. కణితి ఎంత దూరం పాకినా, దాని వేరు డ్యూరాను ఎక్కడ పట్టుకుని ఉందో ఆ చోటి పేరే దానికి ఇంటిపేరు అవుతుంది. ఆ వేరు ఎక్కడుందో తెలిస్తే కణితికి రక్తం ఏ ధమని నుంచి వస్తున్నదో, పక్కనున్న నాడులు ఏ వైపుకు నెట్టబడి ఉంటాయో, సర్జన్ ఏ దారిన వెళ్ళాలో చాలావరకు ముందే ఊహించవచ్చు.

నా బల్ల మీద ఒక పుర్రె ఉంటుంది, పై టోపీని కోసి తీసినది. లోపలికి చూస్తే అడుగుభాగం చదునుగా ఉండదు. ముందు నుంచి వెనక్కి మూడు మెట్లుగా దిగుతుంది. కళ్ళ గూళ్ళకు పైకప్పుగా ఉండే పై మెట్టు ముందు గది, కణతల వెనుక ఉండేది మధ్య గది, మెదడు కాండం, చిన్న మెదడు కూర్చునే లోతైనది వెనుక గది. ముందు గదికీ మధ్య గదికీ నడుమ కత్తి అంచులా సాగే గట్టు స్ఫినాయిడ్ ఎముక చిన్న రెక్క. మధ్య గదికీ వెనుక గదికీ నడుమ ఉండే గట్టు చెవి లోపలి భాగాలను దాచుకున్న రాతి ఎముక, అంటే పెట్రస్ ఎముక. స్ఫినాయిడ్ ఎముకను చేతిలోకి తీసుకుంటే రెక్కలు చాచిన గబ్బిలంలా ఉంటుంది. దాని నడుమన గుర్రపు జీనులాంటి గుంటలో పిట్యూటరీ గ్రంథి కూర్చుంటుంది.

మీ అక్కయ్య గారి కణితి ఆ చిన్న రెక్క గట్టు మీద పుట్టింది. కుషింగ్ ఈ గట్టును మూడు భాగాలు చేశాడు. బయటి భాగం కణత దగ్గర ఉంటుంది. అక్కడ పుట్టిన గుండ్రని కణితి ఎంత పెద్దదైనా చాలాసార్లు పూర్తిగా తీయగలుగుతాము, ఎందుకంటే దాని వేరు మాకు మొదట ఎదురవుతుంది, రక్తం సరఫరాను ముందే ఆపివేయవచ్చు. మధ్య భాగం కాస్త లోతు. లోపలి భాగం మాత్రం వేరే లోకం. అక్కడ గట్టు కొనన క్లినాయిడ్ అనే చిన్న ఎముక ముక్క కొమ్ములా పొడుచుకుని ఉంటుంది. దాని లోపలి పక్కన కంటి నాడి తన సొరంగంలోకి దూరుతుంది. దాని కిందనే మెదడుకు ప్రధానంగా రక్తాన్నిచ్చే కెరోటిడ్ ధమని కావెర్నస్ సైనస్ అనే సిరల గది నుంచి పైకి వస్తుంది. చిటికెన వేలి గోరంత చోటులో ఇన్ని ప్రాణాధారాలున్నాయి. మీ అక్కయ్య గారికి తలనొప్పి కంటే ముందు చూపు మసకబారడానికి కారణం ఇదే.

ఈ లోపలి భాగం కణితులను ఒసామా అల్-మెఫ్టీ 1990లో మళ్ళీ మూడు రకాలుగా విడదీశాడు. ఆపరేషన్ గదిలో నాకు అత్యంత ఉపయోగపడిన వర్గీకరణల్లో ఇది ఒకటి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కెరోటిడ్ ధమని కావెర్నస్ సైనస్ నుంచి బయటికి వచ్చిన తరువాత మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వరకు దాని మీద అరాక్నాయిడ్ పొర ఉండదు. క్లినాయిడ్ అడుగువైపున, సరిగ్గా ఆ చోట పుట్టిన కణితి ధమని గోడకు నేరుగా అతుక్కుంటుంది. అది మొదటి రకం. క్లినాయిడ్ పైవైపున గానీ పక్కవైపున గానీ పుట్టినది రెండో రకం. అది ధమనిని చుట్టూ కమ్మేసినా, ధమనికీ కణితికీ మధ్య అరాక్నాయిడ్ పొర మిగిలే ఉంటుంది. కంటి నాడి సొరంగం దగ్గర పుట్టినది మూడో రకం. అది చాలా చిన్నగా ఉన్నప్పుడే చూపును దెబ్బతీస్తుంది కాబట్టి సాధారణంగా త్వరగా బయటపడుతుంది. అయితే కంటి నాడికీ దానికీ మధ్య ఆ పొర ఉండకపోవచ్చు. సూక్ష్మదర్శిని కింద ఆ పొర తడిసిన ఉల్లిపొరలా మెరుస్తూ కనిపిస్తుంది. అది కనిపిస్తే కణితిని ధమని మీద నుంచి నెమ్మదిగా ఒలుచుకుంటూ రావచ్చు. అది కనిపించకపోతే ధమని మీద పల్చటి ముక్కను వదిలివేయడమే సరైన పని.

కాబట్టి సర్జన్ గారిని మీరు అడగవలసినవి ఇవి: కణితి కంటి నాడి సొరంగంలోకి దూరిందా? కెరోటిడ్ ధమనిని ఆనుకుని ఉందా, చుట్టుకుని ఉందా? కావెర్నస్ సైనస్‌లోకి పాకిందా? చూపు తగ్గుతున్నప్పుడు ఈ ప్రశ్నల కోసం నెలల తరబడి ఆగవద్దు. నలిగిపోయిన కంటి నాడి తిరిగి కోలుకునే అవకాశం ఆలస్యమైన కొద్దీ తగ్గుతుంది.

ప్రశ్న: మా అమ్మగారికి 63 ఏళ్ళు. పోపు మాడిపోయి ఇల్లంతా పొగ కమ్ముకున్నా పక్కనే ఉండి ఆమెకు తెలియలేదు. ఏడాది కాలంగా పరధ్యానం, దేని మీదా ఆసక్తి లేకపోవడం చూసి వయసు వల్ల అనుకున్నాం. స్కాన్‌లో 6 సెంటీమీటర్ల ‘ఆల్ఫాక్టరీ గ్రూవ్ మెనింజియోమా’ అన్నారు. అంత పెద్ద కణితి ఇన్నాళ్ళూ ఎలా దాగి ఉంది? మేము పట్టించుకోకపోవడం వల్లనేనా?
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సిద్దిపేట

జవాబు: మీరు నింద వేసుకోవద్దు. ఈ చోటు కణితుల తీరే అది.

నా బల్ల మీది పుర్రెకు కింద నుంచి టార్చిలైటు వేసి చూపిస్తే, ముందు గది నడుమన రెండు కళ్ళ గూళ్ళ మధ్య చిన్న జల్లెడ కనిపిస్తుంది. ఆ రంధ్రాల గుండా ముక్కు నుంచి వాసన నాడుల పోగులు పైకి వస్తాయి. ఆ జల్లెడ మీద, దానికి వెనుక ఉన్న చదును ఎముక అంచు వరకు పుట్టేవి ఆల్ఫాక్టరీ గ్రూవ్ మెనింజియోమాలు. వాటికి పైన ఉండేవి మెదడు ముందు లంబికల అడుగుభాగాలు. అవి నెమ్మదిగా నొక్కుకుపోతే కాలు చేయి పడిపోదు, మాట పోదు. మనిషి స్వభావం మారుతుంది, చొరవ తగ్గుతుంది, పనులు మధ్యలో వదిలేయడం మొదలవుతుంది. వాసన పోయిన సంగతి చాలామంది గమనించరు, గమనించినా జలుబు అనుకుంటారు. ముఖ్యంగా ఒక పక్క వాసనే పోయినప్పుడు రెండో ముక్కు రంధ్రం లోటు తీరుస్తుంది కాబట్టి అసలు తెలియదు. అలా ఏళ్ళ తరబడి పెరిగి, 5, 6 సెంటీమీటర్లకు చేరిన తరువాతనే ఇవి ఎక్కువగా మా దగ్గరకు వస్తాయి. కణితికి ఒక పక్క కంటి నాడి ఎండిపోయి, తలలో ఒత్తిడి వల్ల రెండో కంటి నాడి ఉబ్బి, వాసన కూడా పోయి ఉండే లక్షణాల కలయికను 1911లో ఫాస్టర్ కెనెడీ వర్ణించాడు. ఈనాటికీ అది అతని పేరుతోనే ఉంది.

దీనికి ఒక్క సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు వెనక్కి జరిగితే కథ పూర్తిగా మారిపోతుంది. గుర్రపు జీను గుంటకు ముందు అంచున చిన్న బుడిపె ఉంటుంది, దాన్ని ట్యూబర్‌క్యులం అంటారు. అక్కడ పుట్టిన కణితి రెండు కంటి నాడులు కలిసే కూడలిని కింద నుంచి పైకి, వెనక్కి ఎత్తుతుంది. అదే ఆల్ఫాక్టరీ గ్రూవ్ కణితి అయితే పెద్దదైన తరువాత పై నుంచి వచ్చి కంటి నాడులను కిందికి, వెనక్కి అణుస్తుంది. ట్యూబర్‌క్యులం కణితి రెండు సెంటీమీటర్లకే చూపు తీసేస్తుంది. రెండు పక్కలా వచ్చే వాహనాలు కనిపించక డ్యాష్ ఇవ్వడం, తలుపు రెక్కలకు భుజం తగలడం లాంటివి మొదలవుతాయి. అద్దాలు రెండుసార్లు మార్పించి, శుక్లం ఆపరేషన్ కూడా చేయించుకుని, చూపు మెరుగుపడకపోయిన తరువాత స్కాన్‌కు వచ్చినవారిని నేను చూశాను. శుక్లం తీసిన తరువాత కూడా చూపు పెరగకపోతే, అందుకు కంటి లోపల కారణం కనిపించకపోతే, దృష్టి క్షేత్రం పరీక్ష చేయించి ఎమ్మారై గురించి అడగండి.

అమ్మగారి విషయానికి వస్తే, ఈ కణితికి రక్తం ప్రధానంగా కంటి ధమని కొమ్మలైన ఎత్మాయిడల్ ధమనుల నుంచి కింది వైపు నుంచే వస్తుంది. ఆపరేషన్ తరువాత స్వభావంలో వచ్చిన మార్పు చాలామందిలో తగ్గుతుంది. పోయిన వాసన మాత్రం తిరిగి రావడం అరుదు, కాబట్టి ఇంట్లో గ్యాస్ లీకయితే మోగే అలారం పెట్టించండి.

ప్రశ్న: వైద్య విద్యార్థిని. వెనుక గది మెనింజియోమాల పేర్లు ఎంత చదివినా కలగాపులగంగా ఉన్నాయి. పెట్రోక్లైవల్, సీపీ యాంగిల్, క్లైవల్, ఫొరామెన్ మాగ్నం: వీటిని విడదీసి గుర్తుపెట్టుకునే దారి చెప్పగలరా?
ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: పేర్లు బట్టీ పట్టవద్దు, నాడులను మైలురాళ్ళుగా పెట్టుకోండి. రాతి ఎముక వెనుక ముఖాన్ని చూడండి. దాని నడుమన లోపలి చెవి రంధ్రం ఉంటుంది. ముఖాన్ని కదిలించే ఏడో నాడి, వినికిడికి సంబంధించిన ఎనిమిదో నాడి అందులోకి దూరుతాయి. దానికి ముందు, పైన, రాతి ఎముక కొన మీదుగా ఐదో నాడి మధ్య గదిలోకి దాటుతుంది. రాతి ఎముకకూ, గుర్రపు జీను నుంచి మహారంధ్రం (పుర్రె అడుగున వెన్నుపాము దిగే ఫొరామెన్ మాగ్నం) వరకు జారుడుబల్లలా దిగే క్లైవస్ ఎముకకూ మధ్య అతుకు ఉంటుంది.

ఐదో నాడికి లోపలి వైపున, ఆ అతుకు మీద, క్లైవస్ పై మూడింట రెండు వంతుల ఎత్తులో వేరు ఉంటే అది అసలైన పెట్రోక్లైవల్ మెనింజియోమా. వేరు కేవలం క్లైవస్ నడుమనే ఉంటే క్లైవల్, ఇది అరుదు. చెవి రంధ్రానికి పక్కన, రాతి ఎముక వెనుక ముఖం మీద వేరు ఉంటే సీపీ యాంగిల్, అంటే చిన్న మెదడుకూ మెదడు కాండానికీ మధ్య ఉండే మూలలోని కణితి. దీన్ని మళ్ళీ చెవి రంధ్రానికి ముందుదా, వెనుకదా అని తప్పక విడదీయాలి. ఈ తేడా ఒక మనిషి ముఖాన్ని కాపాడుతుంది. రంధ్రానికి వెనుక పుట్టిన కణితి ఏడు, ఎనిమిది నాడులను ముందుకు నెట్టేస్తుంది కాబట్టి చెవి వెనుక నుంచి వెళ్ళే సర్జన్‌కు మొదట కణితే కనిపిస్తుంది. ముందు పుట్టినది ఆ నాడులను వెనక్కి, అంటే సర్జన్ వైపుకే నెడుతుంది. అప్పుడు కణితి మీద సన్నని తీగల్లా పరుచుకున్న నాడుల సందుల్లోంచి పని చేయాలి. పెట్రోక్లైవల్ కణితి మరింత కష్టం, ఎందుకంటే ఐదు నుంచి పదకొండు దాకా చాలా నాడులు సర్జన్‌కూ కణితికీ మధ్యనే ఉంటాయి, కణితికి అవతల మెదడు కాండం, బేసిలార్ ధమని ఉంటాయి. అందుకే జపాన్ సర్జన్ తకేషి కవాసే 1985లో వర్ణించినట్టు, మధ్య గది వైపు నుంచి రాతి ఎముక కొనను చెక్కి వెళ్ళే దారి ఇక్కడ పనికొస్తుంది.

సీపీ యాంగిల్‌లో మెనింజియోమా కంటే ఎక్కువగా కనిపించేది ఎనిమిదో నాడి మీద పుట్టే వెస్టిబ్యులర్ ష్వానోమా అనే కణితి. అది చెవి రంధ్రం లోపలి నుంచే పుట్టి దాన్ని వెడల్పు చేస్తుంది, వినికిడిని తొందరగా తగ్గిస్తుంది. మెనింజియోమా వెడల్పాటి పాదంతో డ్యూరా మీద కూర్చుంటుంది. ఎమ్మారైలో దాని అంచుల నుంచి డ్యూరా తోకలా సాగి కనిపించవచ్చు, సీటీలో సున్నపు గుల్లలు, కింది ఎముక మందం కావడం కనిపించవచ్చు. తోక ఉన్నంత మాత్రాన అది మెనింజియోమానే అని పరీక్షలో రాయకండి, ఇతర కణితుల్లో కూడా అది కనిపిస్తుంది.

మహారంధ్రం దగ్గర పుట్టినవి మెడ నొప్పిగా మొదలవుతాయి. చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, చేతిలోంచి చిల్లర జారిపోవడం తరువాత వస్తాయి. బలహీనత క్రమంగా ఒకే పక్క చేతికి, ఆ పక్క కాలికి, ఆపైన రెండో కాలికి, చివరికి రెండో చేతికి చుట్టూ తిరుగుతూ పాకడం పాత పుస్తకాల్లో చదివి ఉంటారు. ఏళ్ళ తరబడి మెడ ఎముక అరుగుదల అని వైద్యం పొందినవారిలో ఈ కణితి బయటపడటం నేను చూశాను. మెడ ఎమ్మారై తీయించినప్పుడు మహారంధ్రం దాకా చిత్రంలో పడిందో లేదో చూడండి.

ప్రశ్న: ‘గ్రేడు 1’ అని ఎమ్మారై చూసి చెప్పగలరా? మా నాన్నగారి రిపోర్టులో ‘గ్రేడు 1 కావచ్చు’ అని ఉంది.
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఊహించగలరు, తేల్చి చెప్పలేరు. గ్రేడు అనేది కణితి ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసిన పాథాలజిస్టు ఇచ్చే తీర్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణలో మెనింజియోమాకు 15 ఉపరకాలు, 3 గ్రేడులు ఉన్నాయి. కణాలు ఉల్లిపాయ పొరల్లా సుడులు తిరిగి, ఆ సుడుల నడుమ ఇసుక రేణువుల్లాంటి సున్నపు గుళ్ళు ఉండే స్లైడ్ ఒకసారి చూస్తే మరువలేము. చాలావరకు అలాంటివి గ్రేడు 1. పది సూక్ష్మదర్శిని క్షేత్రాల్లో విభజన చెందుతున్న కణాలు 4 నుంచి 19 దాకా ఉంటే, లేదా కణితి మెదడులోకి చొచ్చుకుపోతే గ్రేడు 2. కార్డాయిడ్, క్లియర్ సెల్ అనే రెండు ఉపరకాలను కూడా గ్రేడు 2గానే లెక్కిస్తారు. విభజనలు 20 గానీ అంతకు మించి గానీ ఉంటే గ్రేడు 3. టెర్ట్ అనే జన్యువు ప్రమోటర్‌లో మార్పు గానీ, సీడీకేఎన్2ఏ, 2బీ జన్యువులు రెండు ప్రతులూ పోవడం గానీ కనిపిస్తే, కణాలు ఎలా ఉన్నా గ్రేడు 3 అనే నియమం 2021లో కొత్తగా వచ్చింది. మెనింజియోమాల్లో దాదాపు ఐదింట నాలుగు గ్రేడు 1కి చెందినవే, అందులోనూ పుర్రె అడుగున పుట్టేవి మెదడు పైభాగం మీద పుట్టేవాటి కంటే తక్కువ గ్రేడువి కావడం ఎక్కువ. నాన్నగారి రిపోర్టులో ‘కావచ్చు’ అని రాసినవారు నిజాయితీగానే రాశారు.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం. మా తమ్ముడికి ఆల్ఫాక్టరీ గ్రూవ్ మెనింజియోమా తీశారు. పాథాలజీ రిపోర్టులో ‘ఎస్ఎంఓ మ్యుటేషన్’ అని రాశారు. ఇది వంశపారంపర్యమా? మిగతావాళ్ళం పరీక్ష చేయించుకోవాలా?
ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: సాధారణంగా కాదు. ఈ మార్పు ఆ కణితి కణాల్లో మాత్రమే వచ్చినది, తల్లిదండ్రుల నుంచి సంక్రమించినది కాదు. అయితే మీ ప్రశ్న చాలా ఆసక్తికరమైన విషయాన్ని ముందుకు తెచ్చింది.

22వ క్రోమోజోమ్ మీద ఉండే ఎన్ఎఫ్2 జన్యువు దెబ్బతినడం మెనింజియోమాకు ముఖ్య కారణమని చాలాకాలంగా తెలుసు. 2013లో వెలువడిన జన్యు అధ్యయనాలు ఎన్ఎఫ్2 బాగానే ఉన్న కణితుల్లో ఏకేటీ1, ట్రాఫ్7, కేఎల్ఎఫ్4, ఎస్ఎంఓ అనే వేరే జన్యువుల మార్పులు ఉన్నాయని చూపించాయి. ఈ జన్యువులు పుర్రె పటం మీద యాదృచ్ఛికంగా పడలేదు. ఎన్ఎఫ్2 కణితులు మెదడు పై కప్పు మీద, వెనుక గది పక్క భాగాల్లో ఎక్కువ. మిగతావి పుర్రె అడుగున మధ్య గీతకు దగ్గరగా ఎక్కువ. ఎస్ఎంఓ మార్పు ప్రత్యేకించి ఆల్ఫాక్టరీ గ్రూవ్ చుట్టూ కనిపిస్తుంది. గర్భంలో పిండం ఎదిగేటప్పుడు అన్ని చోట్లా మెదడు పొరలు ఒకే మూలం నుంచి ఏర్పడవు, ముందు భాగం పొరల మూలం వేరు, వెనుక భాగం మూలం వేరు. ఈ తేడాయే ఇందుకు కారణం కావచ్చునని పరిశోధకుల ఆలోచన. కుషింగ్ చోటును బట్టి విభజించిన పటానికీ, దాదాపు డెబ్బై ఐదేళ్ళ తరువాత జన్యువులను బట్టి గీసిన పటానికీ ఇంత పోలిక రావడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఎస్ఎంఓ, ఏకేటీ1 మార్పులను లక్ష్యంగా చేసుకున్న మందులు పరీక్షల దశలో ఉన్నాయి. తమ్ముడి కణితి మళ్ళీ పెరిగితే అప్పుడు ఆ రిపోర్టు అక్కరకు రావచ్చు, జాగ్రత్తగా దాచండి. కుటుంబంలో ఎవరికైనా రెండు చెవుల నాడుల మీదా కణితులు ఉన్నా, చిన్న వయసులోనే ఒకటికి మించి మెనింజియోమాలు ఉన్నా మాత్రం వంశపారంపర్యమైన ఎన్ఎఫ్2 జబ్బు గురించి ఆలోచించాలి.

ప్రశ్న: నేను గ్రామంలో ఆరోగ్య కార్యకర్తను. గర్భం రాకుండా మూడు నెలలకు ఒకసారి వేసే అంతర ఇంజెక్షన్ వల్ల మెదడులో గడ్డ వస్తుందని ఫోన్లలో తిరుగుతున్నది. ఆడవాళ్ళు నన్ను అడుగుతున్నారు. ఏం చెప్పాలి?
ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: మెనింజియోమా మగవారి కంటే ఆడవారిలో దాదాపు రెట్టింపు. చాలా కణితుల్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోనును అందుకునే గ్రాహకాలు ఉంటాయి. అంతర ఇంజెక్షన్‌లో ఉండే మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ ఆ హార్మోను పోలిక మందు. 2024లో ఫ్రాన్స్ దేశ ఆరోగ్య లెక్కల మీద జరిగిన అధ్యయనంలో, ఈ ఇంజెక్షన్‌ను ఏడాదికి మించి వాడినవారిలో ఆపరేషన్ అవసరమైన మెనింజియోమా 5 రెట్లకు పైగా ఎక్కువగా కనిపించింది. హార్మోను విడుదల చేసే లూపు, అంటే లెవోనార్జెస్ట్రెల్ లూపు వాడినవారిలో అలాంటి పెరుగుదల కనిపించలేదు. సైప్రోటెరాన్ అనే మరో మందును ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి వాడినవారిలో వచ్చిన కణితులు పుర్రె అడుగున ఎక్కువగా పుట్టడం, మందు ఆపితే చాలావాటి పెరుగుదల ఆగడం, కొన్ని కుంచించుకుపోవడం కూడా గమనించారు.

వారికి ఇలా చెప్పండి: ఈ వయసు ఆడవారిలో మెనింజియోమా అసలే అరుదు, అరుదైనది 5 రెట్లు అయినా అరుదుగానే ఉంటుంది, కోరుకోని గర్భం వల్ల వచ్చే ప్రమాదం మన ఊళ్ళలో అంతకంటే చాలా పెద్దది. భయంతో మధ్యలో మానేయవద్దు, వేరే పద్ధతికి మారాలనుకుంటే కాపర్ టీ లాంటి హార్మోను లేని దారి ఉంది. ఇప్పటికే మెనింజియోమా ఉన్నవారు, గతంలో తీయించుకున్నవారు మాత్రం ఈ ఇంజెక్షన్ వాడకూడదు. కొత్తగా తలనొప్పి, చూపు మసక, వాసన పోవడం చెబితే పరీక్షకు పంపండి.

ప్రశ్న: మా ఆయనకు ఆపరేషన్ చేసి కణితిలో కొంత వదిలేశారు. ‘కావెర్నస్ సైనస్‌లోది ముట్టుకోలేదు’ అన్నారు. పూర్తిగా తీయకపోవడం సర్జన్ తప్పా?
ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఎంత తీశారన్నదాన్ని కొలవడానికి డొనాల్డ్ సింప్సన్ 1957లో 5 గ్రేడుల పద్ధతి ఇచ్చాడు. కణితితో పాటు దాని డ్యూరా వేరునూ, చెడిన ఎముకనూ తీసివేస్తే గ్రేడు 1. కణితి తీసి వేరును కాల్చివేస్తే గ్రేడు 2. వేరును కాల్చకుండా వదిలితే గ్రేడు 3. కణితిలోనే కొంత మిగిలితే గ్రేడు 4. ముక్క మాత్రమే తీస్తే గ్రేడు 5. గ్రేడు 1 వారిలో 9 శాతం మందికి, గ్రేడు 2 వారిలో 19 శాతం మందికి కణితి తిరిగి వచ్చినట్టు అతను చూపించాడు. ఇది పాథాలజీ గ్రేడుకు సంబంధం లేని వేరే లెక్క, దయచేసి రెండింటినీ కలపవద్దు. మెదడు పైభాగపు కణితికి గ్రేడు 1 సాధించడం న్యాయమైన లక్ష్యం. పుర్రె అడుగున అదే పట్టుదల ప్రమాదం తెస్తుంది.

కావెర్నస్ సైనస్ అంటే గుర్రపు జీనుకు రెండు పక్కలా ఉండే సిరల గది. దాని నడుమ కెరోటిడ్ ధమని, ధమని పక్కన ఆరో నాడి, బయటి గోడలో మూడో నాడి, నాలుగో నాడి, ఐదో నాడి పై రెండు శాఖలు ఉంటాయి. 1980లలో, 90లలో నిపుణులు ఆ గదిలోకి వెళ్ళి కణితి మొత్తం తీయడానికి ప్రయత్నించారు. చాలామందికి కన్ను కదలిక పోయింది, కొందరికి ధమని దెబ్బతింది, అంత చేసినా కణితి మళ్ళీ వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ఇప్పుడు చాలా కేంద్రాల్లో సైనస్ బయటి భాగాన్ని తీసి, కంటి నాడిని ఒత్తిడి నుంచి విడిపించి, లోపలి భాగాన్ని గమనిస్తూ ఉంచుతారు. పెరుగుతున్నట్టు తేలితే రేడియోసర్జరీ, అంటే కోత లేకుండా కణితి మీదికి గురిపెట్టే రేడియేషన్, ఇస్తారు. ఒకే విడతలో ఇస్తే సాధారణంగా 12 నుంచి 14 గ్రే (రేడియేషన్ కొలత) మోతాదు చాలు. కణితి కంటి నాడికి మరీ దగ్గరగా ఉంటే 50 నుంచి 54 గ్రే మోతాదును 25 నుంచి 30 విడతలుగా పంచి ఇస్తారు, ఎందుకంటే కంటి నాడి ఒకేసారి పెద్ద మోతాదును తట్టుకోలేదు.

మీ వారికి ఇప్పుడు కావలసింది ఆపరేషన్ అయిన మూడు నెలలకు తీసిన ఎమ్మారై. ఇకముందు తీసే ప్రతి స్కాన్‌ను దానితోనే పోల్చి చూడాలి కాబట్టి ఆ సీడీని, పాథాలజీ రిపోర్టును, ఆపరేషన్ వివరాలు రాసిన కాగితాన్ని ఒకే ఫైలులో పెట్టండి. ఆ కాగితంలో ‘మిగిలిన భాగం’ అన్న చోట ఏ గోడకు, ఏ నాడికి ఆనుకుని ఎంత మిగిలిందో రాసి లేకపోతే, తరువాతి సందర్శనలో సర్జన్ గారి చేత రాయించుకోండి.